జూలైలో బంగారు రేకు

జూలైలో ఈ ఊళ్ళో ఆ ప్రయోగం అవదు.
ఇరవై రెండేళ్ళుగా తెలుసు నాకు.
అయినా ఇంటర్ రెండో ఏడు మొదట్లోనే ఆ పాఠం:
విద్యుత్ ఆవేశాలు, విద్యుత్ క్షేత్రం.
పాఠం వేసినవాళ్ళు ఏ పొడి ఊరివాళ్ళో,
కోటవీధి దిగితే సముద్రమని వాళ్ళకేం తెలుసు.

గాజు కడ్డీకి చెమట.
పట్టుగుడ్డకీ చెమట.
బంగారు రేకుల పెట్టె మీద
పోర్టు నుంచి ఎగిరొచ్చిన బొగ్గు నుసి
వేలితో పేరు రాసుకునేంత.
కిటికీలు మూసినా దూరే ఉప్పుగాలి
ఎవరి దగ్గరా ఏదీ నిలవనివ్వదు.

పట్టుగుడ్డని ఇస్త్రీపెట్టె కింద రెండుసార్లు తిప్పి
కడ్డీని బల్బు దగ్గర వెచ్చజేసి
గబగబా రుద్ది తాకిస్తాను.
రేకులు రెండూ
కొంచెం, ఇంకొంచెం,
అలిగిన తోడికోడళ్ళలా ఎడమవుతాయి.
లెక్కపెట్టేలోపు వాలిపోతాయి.

"ఎటెల్లిపోనాది టీచర్ గారూ?"
మూల బెంచీలో నూకరత్నం.
నెల రోజుల్లో ఆ పిల్ల నోరు విప్పడం అదే.

ఎటూ పోదమ్మా, చేతులు మారుతుంది.
రుద్దితే పుట్టిందనుకుంటాం గానీ
పుట్టించలేం, చంపలేం.
గాజు విడిచింది, పట్టు పుచ్చుకుంది.
గాజుకి మిగిలిన లోటు ఈ తడి పూడ్చేసింది.

బోర్డు మీద ధనం, ఋణం.
తీగలో ధనం కూర్చున్నచోటే కూర్చుంటుంది,
పరిగెత్తేదంతా ఋణమే అన్నాను.
ముందు బెంచీలు పకపకా నవ్వాయి,
వారం వడ్డీల ఇళ్ళ పిల్లలు.
సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి,
విజాతివి దగ్గరకొస్తాయి అన్నప్పుడు
ఎవరూ నవ్వలేదు.
"మా ఈదిలో ఐతే ఉల్టా" అని గొణిగారెవరో.
వినబడనట్టు సుద్దముక్క వెతుక్కున్నాను.

క్షేత్రం దగ్గరే ఏటా చిక్కు.
కనబడదు.
ఒక ఆవేశం ఊరికే ఓ మూల ఉన్నా
చుట్టూ చోటు మునుపటిలా ఉండదు.
దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు,
తగ్గుతూ తగ్గుతూ ఎక్కడా సున్నా కాదు.
తెలుసుకోవాలంటే శోధనావేశాన్ని పంపాలి,
అదీ చిన్నది, ఎంత చిన్నదంటే
ఎవరిని పలకరించడానికి వెళ్ళిందో
వాళ్ళని కదపనంత.

ఆ వాక్యం రాసి వెనక్కి తిరిగాను.
నూకరత్నానికి రెండు పక్కలా ఖాళీ.
ఎన్నాళ్ళనుంచో.
నేనిప్పుడు చూశాను.

గంట కొట్టాక సామాను సర్దుతూ
ఏమైందని అడగలేదు.
"కేరేజీలో ఏం తెచ్చుకున్నావే" అన్నానంతే.

మూత తిప్పుతూ ఉండిపోయింది చాలాసేపు.
"నానే వొండినాను.
అమ్మ కేజీహెచ్‌లో ఉండిపోనాది, నాన్న కాడ."

సన్యాసిరావు.
పరవాడ అవతల ఫ్యాక్టరీ,
పొగగొట్టానికి ముందు దుమ్ము పట్టే గదుల్లో పని.
"దుమ్ముకి కరెంటెక్కిస్తారంట, తీగల మద్దెన.
ఎక్కినాక అది గాల్లో ఉండలేదంట,
రేకు గోడకెల్లి అతుక్కుంటాదంట.
సుత్తులు కొడితే జలజలా రాలిపోద్దంట.
తీసేసినారనే ఎల్లినాడు టీచర్ గారూ.
తీసేసినా లోపల మిగిలుంటాదంట,
బూమికి కలపాలంట ముందు."
కుడిచేతిని మోచెయ్యి దాకా చూపించింది.
"ఇక్కడ నిమిషం నిలబడదు.
అక్కడ మిగిలిపోనాది."

నా దగ్గర జవాబు లేదు.
దాని కేరేజీలో ఉప్పెక్కువైన పప్పు
ఇద్దరం తిన్నాం.

డిసెంబరులో పెదవులు పగిలే గాలి తిరిగింది.
పాఠం ఎప్పుడో అయిపోయింది,
అయినా పెట్టె మళ్ళీ తీశాను.
ఒక్కసారి రుద్దానో లేదో
రేకులు రెండూ విచ్చుకుని అలాగే నిలబడ్డాయి.
నిమిషం. రెండు నిమిషాలు. వాలవే.

"రా, ముట్టుకో" అన్నాను నూకరత్నంతో.
ఏమీ కాదు, ఇంత చిన్న పెట్టెలో ఏముంటుందని.

ఆ పిల్ల చెయ్యి చాచలేదు.
నా సొరుగులోంచి రాగితీగ తీసి
ఒక కొస నీళ్ళ కుళాయికి చుట్టింది,
పళ్ళతో బిగించింది.
రెండో కొసకి చెక్క పిడి కట్టుకుని
పిడి పట్టి గుండీకి ఆనించింది.

రేకులు పడుకున్నాయి.
ఒకసారి వంగి చూసింది.

అప్పుడు ముట్టుకుంది.